అప్‌డేట్: చలికాలం వస్తే మనసు బరువెక్కుతోందని అడిగింది నేనే

మూడు వారాల కింద అడిగా కదా, చలి మొదలైతే చాలు లేవబుద్ధి కాదు, ఎంత పడుకున్నా నిద్ర చాలదు, చిన్నదానికే ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటున్నా, ఇది బద్ధకమా ఇంకేమన్నానా అని. చాలామంది ముందు డాక్టర్‌ని కలువు అన్నారు, వెళ్లొచ్చా.

బద్ధకం కాదంట. సీజనల్ డిప్రెషన్ అంట, అంటే చలికాలంలో పగటి వెలుతురు తగ్గినప్పుడు వచ్చే డిప్రెషన్, 1984లోనే నార్మన్ రోసెంతాల్ అనే సైకియాట్రిస్ట్ వాళ్ల టీమ్ దీనికి పేరు పెట్టి రాశారంట. థైరాయిడ్ టెస్ట్ కూడా రాశారు, నార్మలే.

ఇప్పుడు లైట్ బాక్స్ వాడుతున్నా, అంటే బాగా ఎక్కువ వెలుతురిచ్చే లైటు, 10,000 లక్స్‌ది (లక్స్ అంటే వెలుతురు కొలత), పొద్దున లేవగానే 30 నిమిషాలు, కళ్లు తెరిచే ఉండాలి కానీ లైటు వైపు సూటిగా చూడకూడదు, నేనేమో మొదటి రెండ్రోజులు దాన్నే చూస్తూ కూర్చుని తలనొప్పి తెచ్చుకున్నా, నా తెలివి అలా ఉంది. ఇంట్లో లైటు మామూలుగా 500 లక్స్ కూడా ఉండదు, మబ్బు పట్టిన రోజు కూడా పగటిపూట బయట అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది, అందుకే మధ్యాహ్నం కాసేపు నడుస్తున్నా కూడా. బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందకీ మారే జబ్బు) గానీ కంటి జబ్బు గానీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా లైట్ బాక్స్ మొదలుపెట్టకండి.

నిన్న అలారం మోగకముందే మెలకువొచ్చింది, లేచి దుప్పటి మడతపెట్టేశా, పెట్టేశాక గానీ గుర్తురాలేదు ఎన్ని రోజులైందో ఆ పని చేసి.

సాయంత్రం చీకటి పడే టైమ్‌కి మాత్రం ఇంకా దిగులుగానే ఉంటోంది. దానికి కౌన్సెలింగ్ చెప్పారు, వచ్చే వారం మొదటి సెషన్.