చెనిక్కాయ (వేరుశనగ) విత్తిన చేలో పావురాలు: ఎయిర్‌గన్ పట్టాలా, కాపలా కాయాలా?

పూతలపట్టు చేను:
తొలకరి పడితే చాలు, ప్రతి ఏడూ ఇదే తగువు. విత్తిన మర్నాడే పావురాలు గుంపుగా దిగతాయి. ఎయిర్‌గన్ ఉండే పిల్లోళ్ళను పిలిస్తే, రైతులు చెప్పిన మాట మీద నిలబడరని వాళ్ళ కోపం. వాళ్ళు వచ్చిపోయినా పిట్టలు తగ్గలేదని రైతుల కోపం. తుపాకీతో పని జరుగుతుందా, లేదా? తెలిసినోళ్ళు చెప్పండి.

గురి:
జరుగుతుంది, రైతు కలిసొస్తే. విత్తిన రోజే చెప్పాల్సింది నాలుగో రోజు ఫోన్ చేస్తారు. అప్పటికి పైన పడిన గింజ అయిపోయి గుంపు పక్క చేనికి మారుంటుంది. పావురాలు దిగేది పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు, మళ్ళీ నాలుగు దాటినాక. రైతేమో పదకొండుకు రమ్మంటాడు. గెనిమ (గట్టు) అవతలాయనకు ఒక మాట చెప్పి ఉండడు, ఆయనొచ్చి 'నా చేనికాడ తుపాకీ ఏంది' అని అడ్డం నిలబడతాడు. ఇంకొందరు తెల్లారే టపాసులు పేల్చి గుంపునంతా చెదరగొట్టి, ఆ తర్వాత కబురు పెడతారు. పిట్టల్ని బెదరగొట్టే మెరుపు రిబ్బన్ కట్టుకోమంటారా? వారం పోతే పిట్టలు దాని కిందే తిరుగుతాయి.

చట్టం ప్రకారం:
రైతు ఎంత కలిసొచ్చినా ఆ పని వద్దన్నా. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం బోరు 0.177 అంగుళం, గుండు శక్తి 20 జౌళ్ళు దాటని ఎయిర్‌గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. అది తుపాకీ దగ్గర పెట్టుకోవడానికే, పిట్టను కొట్టడానికి ఇచ్చిన అనుమతి కాదు. వేటను నిషేధించేది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 9వ సెక్షన్. పాత జాబితాలో పావురాల జాతికంతా రక్షణ ఇచ్చి, బూడిదరంగు పావురాన్ని ఒక్కదాన్ని మినహాయించినారు. ఆ ఒక్క ముక్కే పట్టుకుని ఇప్పటికీ చాలామంది ధైర్యంగా తిరుగుతున్నారు. 2022 సవరణతో జాబితాలన్నీ మారి, 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్తవి అమల్లో ఉన్నాయి. పాత మినహాయింపును నమ్ముకోవద్దు. పైగా ఆ గుంపులోనే గువ్వలు కలిసి మేస్తుంటాయి, ముప్పై నలభై గజాల నుంచి చూస్తే ఏది ఏదో తెలియదు. పంట నష్టం భరించలేనంత ఉంటే 11వ సెక్షన్ కింద అటవీ శాఖకు రాసి అడగాల.

సరే, చంపితే తగ్గుతాయా? జతకు రెండేసి గుడ్లు, పద్దెనిమిది రోజులకు పిల్లలు, ఏడాదిలో ఎన్నోసార్లు. మేత కనపడుతున్నంత కాలం పది పోయిన చోట ఇంకో పది దిగతాయి. ఇక సీసపు గుండు బండకు తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. డ్రిప్ పైపుకు పడిన బెజ్జం మోటారు వేసేదాకా కనపడదు.

మంచె మీద:
'గురి' అన్నా, నాలుగో రోజు ఫోన్ చేసేది నిర్లక్ష్యంతో కాదు. వాన పదును రెండు మూడు రోజులే. అది ఆరకముందే ఉండే ఎకరాలన్నీ విత్తాల, ఇంటిల్లిపాదీ సాళ్ళ వెంటే ఉంటారు. పక్కాయనకు చెప్పకపోవడం మాత్రం తప్పే.

రిబ్బన్‌కు పిట్టలు అలవాటు పడతాయి, నిజమే. చెనిక్కాయకు కావాల్సింది ఆ వారం పది రోజులే కదా! మొలకలు పైకొచ్చి ఆకు విచ్చుకుంటే పావురాల పోరు తగ్గిపోతుంది. అది పనిచేయలేదనే వాళ్ళలో ఎక్కువమంది కట్టేదే తప్పుగా కడతారు. ఒకపక్క ఎరుపు, ఇంకోపక్క వెండి మెరుపు ఉండే అర అంగుళం రిబ్బన్ తీసుకోండి. ఉత్తరం దక్షిణంగా లాగితే పొద్దుటెండ, సాయంత్రపు ఎండ రెండూ దాని మొహాన పడతాయి. కట్టె కట్టెకు పది మీటర్లు, వరస వరసకు ఐదు మీటర్లు. రెండు మూడు మెలికలు తిప్పి కడితే గాలికి ఝుమ్మని మోగుతుంది. మరీ బిగిస్తే తెగుతుంది, వదులైతే నేలను తాకి మట్టి పట్టి మెరుపు పోతుంది. మబ్బు పట్టి గాలి ఆడని రోజు అది దండగ. ఆ రోజు డబ్బా పట్టుకుని మనిషి తిరగాల్సిందే.

మడక సాలు:
గింజ పైన ఎందుకు పడిందో ఒక్కరూ అడగలేదు. పావురం కోడిలాగా కాలితో గీకదు, ముక్కుతో పైమట్టి కదిలించి కనపడింది తింటుంది. తవ్వి తినేది నెమలి, కాకి, అడవి పంది. నారాయణి రకం వేసినా ధరణి రకం వేసినా, ఐదు సెంటీమీటర్ల లోతుకు పోయిన గింజ పావురానికి అందదు. ట్రాక్టర్ గొర్రు చేని చివర మలుపు తిరిగేటప్పుడు పైకి లేస్తుంది, గింజ మాత్రం రాలుతూనే ఉంటుంది. ఒకసారి పోయి చూడండి, గుంపు మొదట దిగేది ఆ మలుపుల్లోనే. అక్కడ రుచి మరిగితే నడిచేను దాకా వస్తుంది. విత్తిన సాయంత్రమే నాలుగు చివర్లూ తిరిగి పైగింజ ఏరి, మిగతాది మట్టి కప్పితే సగం పోరు తీరుతుంది.

ఇంకో భయమూ ఉంది. కిలో విత్తనానికి రెండు మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ పురుగుమందు పట్టించి విత్తుతాం. ఆ గింజ పైన ఉంటే పిట్టకు విషం. అది తిని నెమలి చచ్చిందంటే షెడ్యూల్ 1 (వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉండే మొదటి జాబితా) కేసు.

నీళ్ళులేని పాత మోటబావులనూ చూసుకోండి. రాతికట్టు సందుల్లో గూళ్ళుంటాయి. గుడ్లూ పిల్లలూ లేవని చూసుకున్నాకే బావి నోటికి వల కట్టాల, గూళ్ళు చెరిపినా చట్టంలో వేటకిందే లెక్క.

గురి:
చివర్ల సంగతి ఒప్పుకుంటాను, అది ఎవరూ చేయరు. చట్టం మాటకూ ఎదురు చెప్పను. బావి మూస్తే మాత్రం గుంపు రైసు మిల్లు కప్పు కిందికి పోతుంది, ఊరు దాటదు. తుపాకీ వద్దంటే ఊళ్ళో కుర్రాళ్ళు గొట్టంలో కార్బైడ్, నీళ్ళు పోసి పేలుస్తారు. పేలలేదని లోపలికి తొంగి చూసినప్పుడు అంటుకుంటే కళ్ళు పోతాయి, దాన్నీ వద్దనండి. ఇక మిగిలింది కాపలా మనిషి. పది రోజుల కూలీ ఒక్క రైతు ఎట్లా పెట్టుకుంటాడు?

మంచె మీద:
ఒక్కరు పెట్టుకోకూడదు. ఒకే పట్టున చేలుండే నలుగురైదుగురు ఒకే పదునులో విత్తి, ఒక మనిషిని పెట్టి, కూలీని ఎకరాల లెక్కన పంచుకోవాల. మనిషి మంచె మీద కూర్చుంటే చాలదు, పిట్టలు దిగే రెండు పూటలా గెనిమల మీద తిరగాల.

పూతలపట్టు చేను:
మా పట్టులో ఐదుగురం, పద్నాలుగు ఎకరాలు. నలుగురు ఒప్పుకునేటట్టు ఉన్నారు. ఐదో ఆయన బోరు కింద వారం ఆలస్యంగా విత్తుతాడు. ఆ మిగిలే వారం కూలీ ఆయన ఒక్కడిదేనా, అందరి మీదా వేయాలా?

మంచె మీద:
ఆయన ఒక్కడిదే. విత్తకముందే, ఐదుగురూ ఎదురుగా ఉన్నప్పుడే తేల్చుకోండి.