ఇంగ్లీషులోని లాటిన్, ఇటాలియన్ మాటలకు ఏది ప్రమాణం: మూలమా, వాడుకా?

కలంపోటు

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేసి బతికేవాణ్ని. ఈమధ్య ఒక వ్యాసంలో గాలివానకు అరటి తోటలు ‘డెసిమేట్’ అయ్యాయని ఉంటే ‘తుడిచిపెట్టుకుపోయాయి’ అని రాశాను. పరిశీలకుడు దాన్ని కొట్టేసి, ‘లాటిన్‌లో డెసిమస్ అంటే పదవది, కాబట్టి పదో వంతు పంట పోయింది అని ఉండాలి’ అని పక్కన రాశాడు. తర్వాతి పేరాలోనే సగానికి పైగా చెట్లు నేలకొరిగాయని ఉన్న సంగతి ఆయనకు పట్టలేదు.

ఆయన చెప్పిన చరిత్ర నిజమే. రోమన్ సైన్యంలో ఒక దళం పిరికితనం చూపితే చీట్లు వేసి, పది మందిలో ఒకణ్ని తోటి సైనికుల చేతనే కొట్టి చంపించేవారు. స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటు సమయంలో రోమన్ సేనాని క్రాసస్ ఈ పాత శిక్షను మళ్లీ తవ్వి తీశాడు. 1655లో ఇంగ్లండు పాలకుడు క్రామ్‌వెల్ రాజపక్షం వాళ్లపై వేసిన పదో వంతు పన్నుకూ ఇదే పేరు. కానీ మూడు వందల ఏళ్లకు పైగా ఇంగ్లీషులో ఆ మాట ‘ఘోరంగా నాశనం చేయడం’ అనే అర్థంలోనూ నడుస్తోంది. ఇంగ్లీషులోకి వచ్చాక దాని అర్థం ఇంగ్లీషువాళ్ల వాడుకే తేల్చాలని నా వాదన. కాదనేవాళ్లు కారణాలతో రండి.

వ్యాకరణప్రియ

కాదనేదాన్ని నేనే. మీ పరిశీలకుడు అరటి తోటల దగ్గర అతి చేశాడు, సరే. అంతమాత్రాన మూలాన్ని పూర్తిగా వదిలేద్దామా? ‘నేను ఫలానా కాలేజీ అలమ్నై’ అని సగర్వంగా రాసుకునేవాళ్లను రోజూ చూస్తున్నాను. అలమ్నై బహువచనం. ఒక్కడే అయితే అలమ్నస్, ఒక్కతే అయితే అలమ్నా. ఒక మనిషి తనను తాను ‘పూర్వ విద్యార్థులు’ అని పిలుచుకోవడం ఏ వాడుక?

మన పత్రికల్లో ‘హైకోర్టు సుమోటోగా స్వీకరించింది’ అని వస్తుంది. అది సువో మోటు. ‘తన సొంత చొరవతో’ అని. లాటిన్‌లో చివర ఉకారం, దాన్ని ఇటాలియన్‌లా మోటో చేసి, ముందున్న మాటనూ కుదించి, కార్ల కంపెనీ పేరులా తయారు చేశాం.

అన్నిటికంటే పెద్ద గందరగోళం ‘ఐ.ఇ.’, ‘ఇ.జి.’ల దగ్గర. మొదటిది ఇద్ ఎస్ట్, అనగా. రెండోది ఎగ్జెంప్లి గ్రాషియా, ఉదాహరణకు. అద్దె ఒప్పందంలో ‘పెంపుడు జంతువులు, అనగా కుక్కలు, ఉండరాదు’ అని రాస్తే పిల్లిని పెంచుకోవచ్చు. ‘ఉదాహరణకు కుక్కలు’ అని రాస్తే పిల్లి కూడా బయటికే. లాటిన్ తెలియనివాడు రెండక్షరాలు మార్చి రాస్తే ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది. డేటాను ఏకవచనంగా వాడేవాళ్ల గురించి ఇంకా మొదలుపెట్టలేదు.

కలంపోటు

ఐ.ఇ., ఇ.జి.ల తేడా ఏ ఇంగ్లీషు నిఘంటువు తెరిచినా కనిపిస్తుంది. దానికి రోము దాకా వెళ్లనక్కర్లేదు. అది కూడా వాడుకే, కాకపోతే జాగ్రత్తగా వాడేవాళ్ల వాడుక.

డేటా సంగతి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతాను. డేటా డేటమ్‌కు బహువచనం కనుక బహువచన క్రియే వాడాలంటే, అజెండా? అదీ ‘చేయవలసిన పనులు’ అనే బహువచనమే. స్టామినా? స్టామెన్ అనే దారప్పోగుకు బహువచనం. ఓపెరా? ఓపస్‌కు బహువచన రూపం, లాటిన్‌లోనే ఏకవచనంగానూ నడిచింది. వీటిలో దేనికైనా మీరు బహువచన క్రియ వాడతారా? మీటింగులో ‘ఈరోజు అజెండాలో ఒక అజెండమ్ తగ్గింది’ అన్నవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఇంకొకటి. ఆమ్నిబస్ అంటే లాటిన్‌లో ‘అందరి కొరకు’. 1820లలో ఫ్రాన్సులో అందరూ ఎక్కగల గుర్రపు బండికి ఆ పేరు వచ్చింది. ఇంగ్లీషువాళ్లు తల కోసేసి తోక మాత్రం ఉంచుకున్నారు. ఆ తోక వట్టి విభక్తి ప్రత్యయం. అంటే మనం రోజూ ఎక్కుతున్నది ‘కొఱకున్, కై’ అన్నమాట. మూలార్థమే ప్రమాణమని పట్టుబడితే ఆర్టీసీ ఏమైపోతుంది?

కొబ్బరాకు

మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడు గాలి. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు సికింద్రాబాదులోనే దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూసి, గాలి తప్పేమీ లేదని తేల్చాడు. పేరు మాత్రం మారలేదు. మూలాన్ని నమ్ముకుంటే కిటికీలు మూసుకుని కూర్చోవాలి.

మిలాన్ మజిలీ

ఉద్యోగరీత్యా ఇటలీలో ఉంటున్నాను. మన ఊరి నుంచి వచ్చిన బంధువు ఇక్కడి కాఫీ బార్లో కౌంటరు దగ్గర నిలబడి, ధీమాగా ‘లాటే’ అన్నాడు. గ్లాసుడు పాలు ఇచ్చారు. ఆయన ఆ గ్లాసు వంక, ఆ తర్వాత నా వంక చూశాడు. లాట్టే అంటే ఇక్కడ పాలే. కాఫీ కలిపింది కావాలంటే కఫెలాట్టే అనాలి. పిజ్జా మీద పెప్పరోని అడిగితే బెంగళూరు మిర్చి ముక్కలు వస్తాయి, ఎందుకంటే ఇటాలియన్‌లో పెపెరోని అంటే అవే. ఆ పేరుతో మనకు తెలిసిన మాంసం ముక్కలు అమెరికాలో స్థిరపడిన ఇటాలియన్ల సృష్టి. ఆరుబయట భోజనాన్ని ఇంగ్లీషువాళ్లు ‘ఆల్ ఫ్రెస్కో’ అంటారు. ఇక్కడ ఫలానావాడు ‘ఆల్ ఫ్రెస్కో’ ఉన్నాడంటే జైల్లో ఉన్నాడని నవ్వుతారు. బయట తినడానికి ‘అల్లపెర్తో’ అనే వేరే మాట ఉంది.

నాకు బాగా నచ్చేది కన్‌ఫెట్టి. ఇంగ్లీషులో పెళ్లిలో చల్లే రంగు కాగితం ముక్కలు. ఇక్కడ పెళ్లికి వచ్చినవాళ్లకు పంచే, చక్కెర పూత పూసిన బాదం పప్పులు. కాగితం ముక్కల పేరు కొరియాందొలి, అంటే ధనియాలు! పూర్వం కార్నివాల్ ఊరేగింపుల్లో చక్కెర పట్టించిన ధనియాలు విసురుకునేవారట. ధనియాలు పోయి కాగితం వచ్చింది, పేరు ఉండిపోయింది. ఇటాలియన్లే తమ మాటకు ఇంత అన్యాయం చేసుకుంటే ఇంగ్లీషువాళ్లను అడిగేదెవరు?

పైగా వీళ్లూ తక్కువ తినలేదు. ఇంగ్లీషు నుంచి మాటలు తెచ్చుకుని, విందుకు వేసుకునే నల్ల కోటును ‘స్మోకింగ్’ అంటారు, స్వెటరును ‘గోల్ఫ్’ అంటారు. కలంపోటు గారికే నా ఓటు.

వయొలిన్ కమాను

తిండి మాటలకు చెల్లుతుంది. సంగీతానికి చెల్లదు. క్రెషెండో అంటే ‘పెరుగుతూ’. నాదం క్రమంగా బలపడుతూ పోవడం. స్వరపత్రంలో స్వరాల కింద రెండు గీతలు ఒక బిందువు దగ్గర మొదలై నోరు తెరుచుకుంటూ పోతాయి. ఆ నోరు తెరిచినంత మేర క్రెషెండో. పత్రికల్లో ‘నిరసనలు క్రెషెండోకు చేరాయి’ అని వస్తుంది. ఎక్కడం వేరు, కొండకొమ్ము వేరు. కొమ్మును క్రెషెండో అనడం అమెరికాలో వందేళ్ల నాటి అలవాటని తెలుసు. అయినా వాద్యబృందంలో ఎవరైనా ఆ అర్థంతో వాయిస్తే, మొదటి స్వరంలోనే గట్టిగా మోగించి మిగిలినవాళ్లను ముంచేస్తాడు.

దాన్ని ‘ఆరోహణ’ అని అనువదించేవాళ్లకు ఇంకో దండం. ఆరోహణ స్వరస్థాయికి సంబంధించింది. స్థాయి ఒకేచోట ఉన్నా క్రెషెండో ఉంటుంది, దిగుతున్నా ఉంటుంది.

పియానో విషయంలో మాత్రం కలంపోటు గారిదే పైచేయి, ఒప్పుకోక తప్పదు. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్సులో క్రిస్టోఫోరి చేసిన ఆ వాద్యం గొప్పతనమే మెల్లగానూ గట్టిగానూ పలకడం. అందుకే పియానోఫోర్టే అన్నారు. లోకం గట్టిని వదిలేసి మెల్లను మాత్రమే ఉంచుకుంది.

కోర్టు అరుగు

మీరంతా కాఫీలు, కచేరీల దగ్గర ఆగిపోయారు. మాటతో డబ్బూ హక్కూ ముడిపడే చోటికి రండి. నేను న్యాయవాదిని.

మొదట ‘ఇన్ కెమెరా’. లాటిన్‌లో కెమెరా అంటే గది. చీకటి గదిని కెమెరా అబ్‌స్క్యూరా అన్నారు, దాని నుంచి ఫొటోలు తీసే పెట్టెకు పేరొచ్చింది. అత్యాచారం కేసుల విచారణ ఇన్ కెమెరా జరపాలని చట్టంలో ఉంది, అంటే తలుపులు మూసిన గదిలో. ఆ మాట విన్న ఒక సాక్షి ‘వీడియో తీస్తారట, నేను రాను’ అని భయపడింది. అసలు అర్థానికి పూర్తి వ్యతిరేకం! ఇక్కడ మూలం సరైనదే, వాడుకా సరైనదే, అయినా ఆ మాట పనికిరాదు. ఇంగ్లండులో 1999లో వచ్చిన సివిల్ విచారణ నియమాల్లో దాన్ని తీసేసి ‘ప్రైవేటుగా’ అని పెట్టుకున్నారు. మనం ఇంకా మోస్తున్నాం.

రెండోది ‘స్టేటస్ కో’. యథాతథ స్థితి అని అందరికీ తెలుసు. ఏ రోజు నాటి స్థితి? పక్క పొలం ఆసామి ఆదివారం రాత్రి కంచె జరిపి పాతాడు, సోమవారం స్టేటస్ కో ఉత్తర్వు వచ్చింది. కంచె ఉన్నచోటే ఉండాలని ఆయన, లేనప్పటి స్థితే ఉండాలని మా కక్షిదారు. తగువుకు ముందున్న స్థితి కావాలంటే ‘స్టేటస్ కో ఆంటే’ అని అడగాలి. చివర ఒక్క మాట, దాని విలువ అరెకరం.

మూడోది అసలుది. ‘ఎక్స్‌గ్రేషియా’. పైన ఇ.జి.లో వచ్చిన గ్రాషియానే ఇది, ఇక్కడ దయ, అనుగ్రహం అని అర్థం. బాధ్యత ఉందని ఒప్పుకోకుండా ఇచ్చే సొమ్ము. పత్రికలు దీన్ని కూడా ‘నష్టపరిహారం’ అని రాసేస్తున్నాయి. రైలు ప్రమాదంలో ఇంటి మనిషి పోతే వెంటనే చేతికందేది ఎక్స్‌గ్రేషియా. రైల్వే చట్టం ప్రకారం హక్కుగా రావలసిన పరిహారం వేరు. 2017 జనవరి నుంచి మరణానికి అది 8 లక్షల రూపాయలు. దానికి రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో విడిగా దరఖాస్తు పెట్టాలి, ఏడాది లోపల. ‘పరిహారం ముట్టిందిగా’ అనుకుని గడువు దాటబెట్టుకున్న కుటుంబాలను చూశాను. వాళ్లకు ఆ లాటిన్ మాటలో దయ అనే అర్థం ఉందని ఎవరైనా చెప్పి ఉంటే, మరి హక్కు సంగతేమిటని అడిగేవారు.

కలంపోటు

బలమైన ఉదాహరణే. కానీ విపత్తు నిర్వహణ చట్టం, 2005లో కోవిడ్ నాటికి ఉన్న 12వ సెక్షన్ చూడండి. ప్రాణనష్టానికి ఎక్స్‌గ్రేషియా సాయం గురించి మార్గదర్శకాలు ఇవ్వాలని అందులో ఉండేది. కోవిడ్ మరణాల కేసులో 2021 జూన్ 30న సుప్రీంకోర్టు, అది ఇచ్చి తీరవలసిందేనని చెప్పింది. తర్వాత 50 వేల రూపాయలుగా ఖరారైంది. ఇచ్చి తీరాల్సిన దయ! లాటిన్ అర్థం అక్కడ ఏం మిగిలింది?

కోర్టు అరుగు

ఎంత ఇవ్వాలన్నది కోర్టు తేల్చలేదు, అధికారులకే వదిలింది. దయ అక్కడ మిగిలింది. అయినా మీరన్నది కొట్టిపారేయలేను. చట్టం ఒక మాటను వాడిన తర్వాత దాని అర్థం చట్టమే చెప్పాలి, లాటిన్ నిఘంటువు కాదు. నా గొడవ తెలుగులో దాన్ని ఏమని రాయాలన్నదే. ‘తక్షణ సాయం’ అంటే చాలు. పరిహారం అనే మాటను హక్కుగా వచ్చేదానికి ఉంచండి.

వ్యాకరణప్రియ

దీనికి నేనూ సరే. అలమ్నై మీద మాత్రం వెనక్కి తగ్గను. డేటా మీద కూడా.

కొబ్బరాకు

కోర్టు అరుగు గారూ, ఆ ఏడాది గడువు దాటిపోతే ఇక అంతేనా?

కోర్టు అరుగు

అంతే అనుకోనక్కర్లేదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ స్వీకరించవచ్చు. సికింద్రాబాదులో బెంచి ఉంది. ఎక్స్‌గ్రేషియా తీసుకున్నట్టు సంతకం చేసిన కాగితం నకలు కూడా పట్టుకెళ్లమనండి.