పిక్కల మీద నరాలు ఉబ్బాయి, మీలో ఎవరికైనా తగ్గాయా?

చీరలషాపు_బెజవాడ
పదకొండేళ్లుగా చీరల షాపులో సేల్స్‌లో ఉన్నాను. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే పని. ఎడమ పిక్క మీద నరాలు వానపాముల్లా మెలికలు తిరిగి పైకి తేలాయి. సాయంత్రానికి కాలు బరువెక్కి, పాదం మీద చెప్పు పట్టీ అచ్చు పడుతోంది. నరాల బలానికని ఆరు నెలలు బీకాంప్లెక్స్ వేసుకున్నా మార్పు లేదు.

రిటైర్డ్_టీచర్
అవి నరాలు కావమ్మా, సిరలు, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే గొట్టాలు. మనం రెండింటినీ నరాలే అంటాం. ఆ మాట పట్టుకునే నేను నరాల డాక్టరు చుట్టూ రెండేళ్లు తిరిగాను. ఈలోపు చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి, దురద పెట్టి, పుండు పడింది. మానడానికి ఐదు నెలలు పట్టింది. నువ్వు మాత్రం ఆలస్యం చేయకు, వాస్క్యులర్ సర్జన్‌కి, అంటే రక్తనాళాల డాక్టరుకి చూపించు.

ఫిజియో_వరంగల్
కాళ్లలోకి దిగిన రక్తం మళ్లీ గుండెకు ఎక్కాలంటే పిక్క కండరం పిండాలి. పిండినప్పుడు ఎక్కిన రక్తం వెనక్కి జారకుండా సిరల్లో కవాటాలు ఉంటాయి, ఒకవైపే తెరుచుకునే తలుపుల్లాగా. అవి సరిగా మూసుకోకపోతే రక్తం కిందే నిలిచి సిర సాగిపోతుంది. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి బీపీ కొలిచే లెక్కలో దాదాపు 90 మి.మీ. (పాదరసం) ఉంటుంది, నడుస్తుంటే 30 దరిదాపులకు దిగుతుంది. అందుకే నడవడం కంటే నిలబడటమే చేటు. కౌంటర్ దగ్గరే మడమలు ఎత్తి దించుతూ ఉండండి.

కవాటం పనితీరు చేతి మీదే చూడొచ్చు. మోచేతి పైన గుడ్డ కట్టి, ముంజేతి మీద తేలిన సిరను ఒక వేలితో నొక్కి ఉంచండి. ఇంకో వేలితో అక్కడి నుంచి రక్తాన్ని పైకి తోసి, ఆ పై వేలు తీసేయండి. మధ్యలో కవాటం ఉంటే, దాని కింది భాగం ఖాళీగానే ఉంటుంది. 1628లో విలియం హార్వే రక్తం ఒకే దిక్కున తిరుగుతుందని చూపించింది ఇలాంటి పరీక్షలతోనే.

ట్రాఫిక్_డ్యూటీ
స్నానం చేస్తుంటే మడమ పైన ఉబ్బిన సిర చితికి రక్తం చిమ్మింది. మా ఆవిడ నన్ను పడుకోబెట్టి, కాలు పైకెత్తి శుభ్రమైన తువ్వాలుతో గట్టిగా నొక్కి పట్టుకుంది, ఆగింది. ఆ తర్వాతే ఆస్పత్రికి వెళ్లాం. ఇంకో మాట, ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే వెళ్లాలి.

రిటైర్డ్_టీచర్
బిగుతు మేజోళ్లు డాక్టరు కొలత రాశాకే కొనమ్మా, షుగరు ఉంటే మరీను. పొద్దున మంచం దిగకముందే తొడుక్కోవాలి.

చీరలషాపు_బెజవాడ
డాప్లర్ అయిందండీ, సిరలో రక్తం ఎటు పారుతోందో చూసే స్కాన్. నిలబెట్టి చేశారు. పిక్క నొక్కి వదలగానే మెషీన్‌లో రక్తం వెనక్కి జారే హోరు నాకే వినిపించింది. ముందు మేజోళ్లు, తర్వాత లేజర్‌తో ఆ సిరను మూసేయడం అన్నారు. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో కూర్చునే హక్కు చట్టంలో పెట్టారని చూపిస్తే మా ఓనరు రెండు స్టూళ్లు వేయించారు. మీలో లేజర్ చేయించుకున్నవాళ్లు ఎన్నాళ్లకు నడిచారు?

ట్రాఫిక్_డ్యూటీ
నన్ను అదే రోజు నడిపించారమ్మా. డ్యూటీకి పదో రోజున వెళ్లాను.