స్కూల్ బస్సు డీజిల్ పొగ: ఎలక్ట్రిక్ బస్సులు అడగొచ్చా?

ప్రశ్న:
కాలిఫోర్నియాలో ఉంటాం. మా బాబుకి ఆస్తమా. సాయంత్రం స్కూల్ గేటు దగ్గర డీజిల్ బస్సు ఇంజిన్ ఆపకుండా నిలబెడతారు. వాడు స్వెటర్ చెయ్యి ముక్కుకి అడ్డం పెట్టుకుని ఎక్కుతాడు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎలక్ట్రిక్ బస్సుల కోసం ఎవరైనా అడిగారా?

జవాబు 1:
కాలిఫోర్నియాలోనే ఓక్లాండ్‌లో 2024లో స్కూల్ బస్సులు మొత్తం 74 ఎలక్ట్రిక్ చేశారండి. పగలు రెండు ట్రిప్పుల మధ్య ఖాళీయే కదా, ఛార్జింగ్‌కి బోలెడు టైం. సాయంత్రం కరెంటు వాడకం పెరిగినప్పుడు బ్యాటరీల నుంచి కరెంటుని సరఫరా లైన్ల గ్రిడ్‌కి తిరిగి ఇస్తాయి కూడా.

జవాబు 2:
మాది మిన్నెసోటా. గడ్డకట్టే చలిలో రేంజ్, అంటే ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లే దూరం, తగ్గుతుంది, హీటర్ కూడా బ్యాటరీనే తింటుంది. మీకు ఆ టెన్షన్ లేదు, అడగండి.

జవాబు 3:
కాలిఫోర్నియాలో స్కూల్ దగ్గర బస్సు ఆగగానే ఇంజిన్ ఆపాలన్న రూల్ ఉందండి. ముందు అది అడగండి.

ప్రశ్న వేసినవారు:
ఆ రూల్ తెలీదండి! రేపే ప్రిన్సిపాల్‌ని కలుస్తాను.