రెసిడెన్సీలో ఇద్దరు కలిసి చేసిన ప్రింట్లకు కస్టమ్స్‌లో విలువ ఎలా చూపించాలి?

కొందరు ఆర్టిస్టులం కలిసి నగరంలో చిన్న రెసిడెన్సీ (ఆర్టిస్టులు కొన్నాళ్లు ఉండి పనిచేసుకునే చోటు) నడుపుతున్నాం. వేరే దేశం ఆర్టిస్టు, ఇక్కడి ఆర్టిస్టు జంటగా పనిచేస్తారు. ఈసారి వచ్చిన అతిథి వుడ్‌కట్ (చెక్క బ్లాకు మీద చెక్కి, ఇంకు పూసి కాగితం మీద అచ్చు తీయడం) చేస్తారు. ఉలులు, రోలర్లు, పాత ప్రింట్లు ఏటీఏ కార్నెట్ (తాత్కాలికంగా తెచ్చి తిరిగి తీసుకెళ్లే వస్తువులకు సుంకం లేకుండా వాడే కస్టమ్స్ పత్రం) మీద తెచ్చుకున్నారు. అవి తిరిగి వెళ్లడానికి ఇబ్బంది లేదు.

చిక్కల్లా ఇక్కడ చేసిన వాటితోనే. ఇద్దరూ కలిసి చెక్కిన బ్లాకుల మీద తీసిన 12 ప్రింట్లు, ఒక్కోటి 60×90 సెం.మీ. కింది అంచున పెన్సిల్‌తో ఎడిషన్ నంబరు (మొత్తం ఎన్నింటిలో అది ఎన్నో ప్రింటో), ఇద్దరి సంతకాలు ఉన్నాయి. అమ్మకానికి కాదు. కార్నెట్ ఒకసారి జారీ అయ్యాక అందులో కొత్త వస్తువులు చేర్చరు, కాబట్టి ఆ దారి లేదు.

ఒరిజినల్ ప్రింట్లకు ఉండే 9702 హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌కి వస్తువు రకం చెప్పే నంబరు) వేసి, ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌లో (అమ్మకం లేకపోయినా కస్టమ్స్ కోసం విలువ చూపే బిల్లు) కాగితం, ఇంకు ఖర్చు మాత్రమే చూపించి కొరియర్‌లో పంపాం. విలువ తక్కువ చూపారంటూ అవతలి కస్టమ్స్ వెనక్కి తిప్పింది. రెసిడెన్సీ లెటర్‌హెడ్ మీద వివరణ రాసి జతచేసినా ఫలితం లేదు. ఒక ఏజెంటు గిఫ్ట్ అని రాసేయమంటున్నారు (అది నాకు అస్సలు నచ్చలేదు, అబద్ధం కదా). ఇంకొకరు గ్యాలరీ ధర వేయమంటున్నారు. అసలు అమ్మకానికే పెట్టని బొమ్మకి గ్యాలరీ ధర ఎక్కడి నుంచి తేవాలి?

ఇలా ఉమ్మడిగా చేసిన, అమ్మకానికి కాని పనిని పంపి కస్టమ్స్ దాటించినవాళ్లు ఉంటే చెప్పండి: ఇన్‌వాయిస్‌లో విలువ ఏ లెక్కన వేశారు, దానికి రుజువుగా ఏ కాగితం పెట్టారు?