పీహెచ్‌పీలో ఫైలును వరుసవారీగా చదువుతూ తెలుగు మాటను కచ్చితంగా వెతకడం ఎలా?

నమస్కారం. మా తాతగారు సేకరించిన సామెతలను వరుసకు ఒకటి చొప్పున యూటీఎఫ్-8 టెక్స్ట్ ఫైలులో భద్రపరిచి, వాటిలో మాటను వెతికే పేజీని పీహెచ్‌పీలో (వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష) రాస్తున్నాను. ఫైలు మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి తీసుకోకుండా, ఎఫ్‌గెట్స్ (fgets) ఫంక్షన్‌తో ఒక్కో వరుసనే చదివి, మాట ఏ స్థానంలో ఉందో చెప్పే స్ట్ర్‌పాస్ (strpos) ఫంక్షన్‌తో వెతుకుతున్నాను. మాట వరుస మొదట్లోనే ఉంటే సున్నా వస్తుందని, అది ‘దొరకలేదు’ అని చెప్పే ఫాల్స్‌గా పొరబడకుండా ఫలితాన్ని మూడు సమాన గుర్తులతోనే (===) ఫాల్స్‌తో పోల్చాలని ఆలస్యంగా గ్రహించి ఆ లోపాన్ని సరిదిద్దాను.

అయితే యూనికోడ్‌లో (అక్షరాలకు సంకేత సంఖ్యలిచ్చే పద్ధతి) గుణింతపు గుర్తులు విడి కోడ్‌లు కాబట్టి, ‘కల’ అని వెతికితే ‘కలిమి లేములు కావడి కుండలు’ కూడా వస్తోంది. నమూనాతో వెతికే ప్రెగ్‌మ్యాచ్ (preg_match) ఫంక్షన్‌లో, పాఠాన్ని యూటీఎఫ్-8గా చదవమని చెప్పే యూ (u) గుర్తును వాడి, మాటకు ఇరువైపులా అక్షరం గానీ గుణింతపు గుర్తు గానీ ఉండరాదని నియమం పెడితే సరిపోతుందా? అలా చేస్తే విభక్తి చేరిన ‘కలలో’ వంటి రూపాలు, సంధి కలిసిన మాటలు జారిపోతాయని నా ఆందోళన. రెండూ కుదిరే పద్ధతి తెలిసినవారు దయచేసి ఉదాహరణతో వివరించగలరు.