1966 అలీ, 1988 టైసన్: 15 రౌండ్లు పెడితే ఎవరు గెలుస్తారు?

కోటిపల్లి రేవు:
నిన్న సాయంత్రం మా కాలవ గట్టు మీద టీ కొట్టు దగ్గర మొదలైన వాదన ఇది. బాక్సింగ్ రింగులో మహమ్మద్ అలీ, మైక్ టైసన్ తలపడితే గెలుపెవరిది? రెండు గంటలు అరుచుకున్నాం, తేలలేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే కారణం తెలిసింది. నేను 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌ని పడగొట్టిన అలీ గురించి మాట్లాడుతున్నాను. అవతలివాళ్లు 2002లో లెనాక్స్ లూయిస్ చేతిలో పడిపోయిన టైసన్ గురించి మాట్లాడుతున్నారు. సంక్రాంతి బరిలో పుంజుల్ని కూడా పక్కపక్కన పెట్టి, ఎత్తూ బరువూ చూశాకే జోడీ కడతారు. మనుషులకు ఆ మాత్రం చూడకపోతే ఎలా?

అందుకని ముందు ఏడాది ఖాయం చేస్తున్నాను. అలీ అంటే 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడు రౌండ్లలో ముగించిన అలీ. టైసన్ అంటే 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడేసిన టైసన్. అలీ కాలం లెక్క ప్రకారం 15 రౌండ్లు.

నా ఓటు అలీకే. అలీ 6 అడుగుల 3 అంగుళాలు, టైసన్ 5 అడుగుల 10. చేతుల చాపు చూసుకున్నా అలీది 78 అంగుళాలు, టైసన్‌ది 71. పొడుగు చేతులవాడు జాబ్ (ముందు చేత్తో సూటిగా కొట్టే దెబ్బ) కొట్టి, దగ్గరికొస్తే పట్టేసుకుంటే టైసన్ ఏమవుతాడో 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చూపించాడు కదా.

పాలకొల్లు కుర్రాడు:
గురువుగారూ, ఏడాది ఖాయం చేసింది మీరే, తప్పింది కూడా మీరే. 1988 టైసన్ అని చెప్పి సాక్ష్యం 1990 నుంచి తెచ్చారు. స్పింక్స్ పోటీ తర్వాత కెవిన్ రూనీ శిక్షణ పోయింది. తల పక్కకి తప్పించడం, వరసగా నాలుగైదు దెబ్బలు కొట్టడం తగ్గిపోయాయి. టోక్యోలో ఓడింది ఆ టైసన్.

ఇక అలీ సంగతి. చేతులు కిందికి దించి, దెబ్బ వస్తుంటే తల నిటారుగా వెనక్కి లాగుతాడు. ఆ అలవాటుకు మందు లెఫ్ట్ హుక్, అంటే ఎడమ చెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ. 1963లో లండన్‌లో హెన్రీ కూపర్ దాంతోనే పడేశాడు. 1971లో ఫ్రేజియర్ 15వ రౌండ్లో దాంతోనే పడేశాడు. టైసన్ లెఫ్ట్ హుక్ వాళ్ల దానికంటే వేగం. ఆరు రౌండ్లలోపు అయిపోతుంది.

ఇంకో మాట. 1980లో అలీని ఓడించిన లారీ హోమ్స్‌ని 1988 జనవరిలో టైసన్ నాలుగో రౌండ్లో పడగొట్టాడు.

కోటిపల్లి రేవు:
డగ్లస్ విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. హోమ్స్ మాట మాత్రం ఒప్పుకోను. హోమ్స్ చేతిలో ఓడేనాటికి అలీకి 38 ఏళ్లు. టైసన్ చేతిలో ఓడేనాటికి హోమ్స్‌కీ 38 ఏళ్లే. ఆ రెండు పోటీలూ వయసు గురించే చెబుతాయి తప్ప ఇంకేమీ చెప్పవు.

సరే, టైసన్ మంచి రోజుల నుంచే సాక్ష్యం తెస్తాను. 1986 మేలో జేమ్స్ టిల్లిస్ కదులుతూ కదులుతూ పది రౌండ్లూ నిలబడ్డాడు. 1987లో బోన్‌క్రషర్ స్మిత్ పట్టుకుని వేలాడుతూ 12 రౌండ్లు లాగాడు. అదే ఏడాది టోనీ టక్కర్ కూడా 12 రౌండ్లు నిలిచాడు. వీళ్లెవరూ అలీ కాలిగోటికి సరిపోరు. టైసన్ మొదటి నాలుగు రౌండ్లూ ఆగస్టు గోదారి అండి. ఎదురెళ్తే కొట్టుకుపోతాం. అలీ ఎదురెళ్లే మనిషి కాదు.

కూపర్ పడేశాడన్నారు. తర్వాతి రౌండ్లోనే కూపర్ కన్ను చిట్లి పోటీ ఆగిపోయిన సంగతి కూడా చెప్పాలి. ఫ్రేజియర్ పడేసింది మూడున్నరేళ్లు రింగుకి దూరమై తిరిగొచ్చిన అలీని. 1966 కాళ్లు 1971 నాటికి లేవు.

కాకినాడ పాత బాక్సర్:
చదువుకునే రోజుల్లో కాకినాడలో బాక్సింగ్ చేశాను, తర్వాత పిల్లలకు నేర్పాను. మీ ఇద్దరూ తల మీద దెబ్బల గురించే మాట్లాడుతున్నారు. పొట్ట సంగతి?

నాకంటే బాగా పొట్టి కుర్రాడితో ఒకసారి ఆడాను. నా జాబ్ ప్రతిసారీ వాడి చెవి పక్కనుంచి పోయేది. ప్రతిసారీ నా పక్కటెముకలకి ఒకటి తగిలేది. రెండో రౌండ్ చివరికి నా చెయ్యి దానంతట అదే దిగిపోయింది. చెయ్యి దిగాక తలకి తగలడానికి ఎంతసేపు? టైసన్ పద్ధతి సరిగ్గా అదే. కుడిచేత్తో పక్కటెముకలకి కొట్టి, అదే చేత్తో గడ్డం కింద అప్పర్‌కట్. టైసన్ తొలి గురువు కస్ డమాటో నేర్పిన పాఠం. చేతుల పొడవు ఏడంగుళాలు ఎక్కువుండటం ఒక్కటే అలీని కాపాడదు. జాబ్ కొట్టాక అక్కడే నిలబడకూడదు. 1966 అలీ నిలబడడు, అందుకే నేనూ అలీ వైపే. కానీ కనీసం ఒకసారి పడతాడు, లేస్తాడు.

రౌండ్ల సంఖ్య దగ్గర కూడా ఆగాలి. 1982లో మాన్సినీతో పోటీలో దెబ్బలు తిని కొరియా కుర్రాడు కిమ్ డుక్ కూ చనిపోయాకే టైటిల్ పోటీలు 15 నుంచి 12 రౌండ్లకు తగ్గడం మొదలైంది. టైసన్ ఎప్పుడూ 12 దాటి ఆడలేదు. అలీ 1966లోనే చువాలోతో 15 ఆడాడు. 15 అంటే అలీ. 12 అంటే నాకు నమ్మకం సగానికి పడిపోతుంది.

నరసాపురం అక్క:
ఎప్పుడూ హెవీవెయిట్లేనా? మన కళ్లముందే జరిగింది మర్చిపోయారా? 2019 డిసెంబరులో ఢిల్లీలో ఒలింపిక్ అర్హత పోటీలకు ఎంపికలో మేరీ కోమ్ మన నిఖత్ జరీన్‌ని 9-1తో ఓడించింది. అందరూ తేలిపోయిందన్నారు. నాకు తేలలేదు. అప్పటికి నిఖత్‌కు 23 ఏళ్లు, మేరీ 13 ఏళ్లు పెద్దది. నిఖత్ మంచి రోజులు ఆ తర్వాతే వచ్చాయి: 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత. మేరీ ప్రపంచ స్వర్ణాలన్నీ 45 నుంచి 48 కిలోల్లోనివి. నిఖత్ 2022లో గెలిచింది 52 కిలోల్లో. 2010 మేరీని, 2022 నిఖత్‌ని ఏ బరువు దగ్గర కలుపుతారు? 48కి దిగితే నిఖత్ నీరసించిపోతుంది. 52కి మేరీ ఎక్కితే చేతుల పొడవు చాలదు. 50 దగ్గరైతే నేను మేరీకే వేస్తాను, నిజామాబాద్ పిల్ల మీద ఎంత ప్రేమున్నా.

పాలకొల్లు కుర్రాడు:
అక్కా, దానికి విడిగా చర్చ పెట్టండి, వస్తాను.

కాకినాడ మాస్టారూ, రాత్రి కూర్చుని టిల్లిస్ పోటీ మొత్తం చూశాను. నాలుగో రౌండ్లో టిల్లిస్ పడ్డాడు, లెఫ్ట్ హుక్‌కే. కానీ లేచాడు, చివరిదాకా ఆడాడు. కాబట్టి ఆరు రౌండ్లన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. 15 రౌండ్లకి అలీ అంటే ఇప్పుడు వాదించను. 12 అయితే మాత్రం నా ఓటు టైసన్‌కే. రేవు గారూ, 12కి మీరేమంటారు?

కోటిపల్లి రేవు:
12కీ అలీయే అండి. కాకపోతే ఈసారి అరవకుండా చెబుతున్నాను. మీరు చూసిన ఆ నాలుగో రౌండ్ నేనూ ఇంకోసారి చూసి వస్తాను.